కుదుపు లేని గేరు

మా ఆయన కారు కట్టడం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో ఎవరమూ ఆశ్చర్యపోలేదు. మార్కాపురంలో ఆయనకు బైకుల స్పేర్ పార్టుల దుకాణం ఉంది. పగలంతా ఇనుప సామాన్లు అమ్మి, ఇంటికొచ్చాక మళ్ళీ వాటితోనే ఆడుకునే మనిషి. మా పెళ్ళయిన కొత్తలో పాత స్కూటరు ఇంజనుతో పిండి రుబ్బే యంత్రం ఒకటి చేశాడు. అది పిండిని రుబ్బడం కంటే గోడలకు పూయడం బాగా చేసేది. "వీడు పుట్టినప్పుడు మంత్రసాని చేతిలో స్పానర్ ఉన్నట్టుంది" అని మా అత్త అప్పుడే తేల్చేసింది.

ఈసారి పని మాత్రం పెద్దది. కోయంబత్తూరు వైపు ఎవరో చిన్న కార్ల సామాను విడివిడిగా అమ్ముతారట, ఇంట్లోనే బిగించుకోవచ్చట. ఇనుప గొట్టాల చట్రం, చక్రాలు, స్టీరింగు, రెండు సీట్లు పెట్టెల్లో వచ్చాయి. ఇంజను రాదు, అది మనమే చూసుకోవాలి. కర్నూలు దగ్గర ప్రమాదంలో దెబ్బతిన్న పెద్ద బైకు ఒకటి ఉందని తెలిసి ఆయన వెళ్ళి చూసి వచ్చాడు. ముందుభాగమంతా నుజ్జయింది గాని ఇంజను చెక్కుచెదరలేదు. దాన్ని తెచ్చి సీట్ల వెనక కూర్చోబెట్టాడు. కారుకు తలుపులు లేవు, పైకప్పు లేదు. లోపల కూర్చుని చేయి జారవిడిస్తే నేల తగులుతుంది.

మా ఇల్లు ఊరి చివర, తర్లుపాడు రోడ్డులో. ఇంటి వెనక మూతపడిన పలకల కార్ఖానా ఉంది. దాని యజమాని మాకు తెలిసినవాడే. "వాడుకోండి, ఎట్లాగూ గాడిదలు తిరుగుతాండాయి" అని గేటు తాళం మాకే ఇచ్చాడు. పలకలు కోయగా మిగిలిన రాతి ముక్కలు ఆ ఆవరణలో గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటి మధ్య ఒకప్పుడు లారీలు తిరిగిన బాట ఇంకా గట్టిగానే ఉంది. కారుకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి దాన్ని రోడ్డెక్కించే ప్రశ్నే లేదు. ఆ బాటే దాని లోకం.

మొదటిసారి నడిపింది ఒక ఆదివారం పొద్దున. పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టుకున్నాడు. అత్త ప్రహరీ గోడ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. మా మామ ఆమె వెనక నిలబడ్డాడు.

మామూలు కారులో గేరు రాడ్‌ను ఎటు కావాలంటే అటు తోయవచ్చు. బైకు గేర్లు అలా కాదు. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు, మెట్లెక్కినట్టు ఎక్కాలి, మెట్లు దిగినట్టు దిగాలి. బైకు మీద ఆ పని ఎడమ పాదం చేస్తుంది. మా కారులో పాదానికి బదులు సీటు పక్కన జానెడు లివర్ ఉంది. వెనక్కి లాగితే పై గేరు, ముందుకు తోస్తే కింది గేరు. ఇదంతా ఆయన నాకు ముందే వివరించాడు. చెప్పినప్పుడు చాలా సులువుగా అనిపించింది.

ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదలగానే కారు లేగదూడలా ఎగిరింది. సెకండు వేసేసరికి నా తల వెనక్కి పోయి సీటుకు కొట్టుకుంది. థర్డుకు లివర్ లాగాడు. ఇంజను పెద్దగా కేక పెట్టింది గాని కారు మాత్రం ఊపు తగ్గిపోయి నత్తలా సాగింది.

"ఏమైంది?" అన్నాను.

"గేరు పడలే. మధ్యలో ఇరుక్కున్యాది" అని మళ్ళీ లాగాడు. ఈసారి పడింది. పడ్డట్టు నా మెడకు తెలిసింది.

బాట చివర గుట్ట దగ్గర ఆపాక ఇంకో సంగతి బయటపడింది. బైకు ఇంజనుకు రివర్స్ గేరు ఉండదు. ఇద్దరం దిగి, ముందు నుంచి నెట్టి, కారును వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. అత్త పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం అంత దూరం నుంచి కూడా కనిపిస్తోంది.

తిరిగొచ్చాక మామ ఒక్క మాటే అన్నాడు. "గేరు వేయాలరా. నువ్వు కొడతాండావు."

"అయితే నువ్వొచ్చి వెయ్ నాయనా" అన్నాడు మా ఆయన కాస్త ఉక్రోషంగా.

మామ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని మా ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

మా మామ బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడు. ఉద్యోగంలో ఎక్కువ కాలం గిద్దలూరు మీదుగా నల్లమల ఘాట్ ఎక్కి నంద్యాల పోయే బస్సు నడిపాడు. రిటైర్మెంటుకు కొన్నేళ్ళ ముందు, షుగరు వల్ల ఎడమ కంటి చూపు బాగా తగ్గిపోయింది. కళ్ళ పరీక్షలో అది తేలాక స్టీరింగు దగ్గర నుంచి తప్పించి డిపో గేటు దగ్గర డ్యూటీ వేశారు. అందులో ఎవరి తప్పూ లేదు. చూపు లేని మనిషికి బస్సెలా ఇస్తారని ఆయనే అనేవాడు. రోజూ అదే ఖాకీ చొక్కా వేసుకుని వెళ్ళేవాడు, వచ్చేవాడు. కానీ ఆ తర్వాత కొన్నాళ్ళకే బస్సు ఎక్కడం మానేశాడు. డ్రైవరుగా కాదు, ప్రయాణికుడిగా కూడా. పెళ్ళయినా, చావైనా, ఊళ్ళో అయితే నడిచి వెళ్తాడు. పై ఊరైతే ఏదో ఒక పని చెప్పి ఆగిపోతాడు. అత్త చెల్లెలు గిద్దలూరులో ఉంటుంది. "నువ్వు పోయి రా, నాకు చెట్లకు నీళ్ళు పోసే పనుండాది" అంటాడు. మా ఇంట్లో ఉన్నవి ఒక నిమ్మచెట్టు, రెండు మందార చెట్లు.

అత్త చెల్లెలితో ముచ్చట్లంటే ప్రాణం పెట్టే మనిషి. అయినా ఒంటరిగా వెళ్ళి ఒక పూట ఉండి వచ్చేసేది.

అందుకే తర్వాతి ఆదివారం ఆమే పట్టుబట్టింది. "పో, ఒకసారి కూచో దాంట్లో. ఇది రోడ్డు కాదు, నిన్ను అడిగేటోళ్ళు ఎవరూ ల్యారు. ఇంత పెద్ద జాగాలో అడ్డమొచ్చేది ఆ రాళ్ళగుట్టలే. అవి ఒంటి కంటికి కూడా కనపడతాయి."

మామ చాలాసేపు బెట్టు చేశాడు. లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు లుంగీ మార్చి ప్యాంటు వేసుకుని బయటికి రావడంతో మా అందరికీ అర్థమైంది. చెప్పులు విడిచి, స్టీరింగును తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. బెల్టు పెట్టుకోమని నాకు చెప్పి, తనది రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

కారు కదిలింది. కదిలినట్టే తెలియలేదు. మా ఆయన చేతిలో ఎగిరి దూకిన బండి ఇదేనా అనిపించింది. గోడ దగ్గర మా ఆయన రెండు చేతులూ పైకెత్తాడు.

సెకండు గేరు దగ్గర అంతా తారుమారైంది. మామ తన పాత బస్సుకు చేసినట్టు చేశాడు. క్లచ్ తొక్కి, లివర్‌ను మెల్లగా సగం దాకా లాగి, అక్కడ ఆగి, క్లచ్ వదిలి, మళ్ళీ తొక్కి, అప్పుడు మిగతా సగం లాగాడు. లోపల గరగరమంది. గేరు పడలేదు. మళ్ళీ అదే పద్ధతిలో, ఇంకా నిదానంగా ప్రయత్నించాడు. మళ్ళీ గరగర. ఆయన చెవుల దగ్గర చెమట పట్టడం చూశాను. ఎలాగో సెకండు, తర్వాత థర్డు పడ్డాయి. మలుపు దగ్గర కింది గేరుకు రావాలని లివర్ ముందుకు తోసేటప్పుడు చేయి తడబడి వెంటవెంటనే రెండుసార్లు తోశాడు. థర్డు నుంచి నేరుగా ఫస్టుకు పడింది. ఇంజను చెవులు చిల్లులు పడేలా అరిచింది. వెనక చక్రాలు పట్టు తప్పి, కారు రాతి ముక్కల మీద పక్కకు జారి, ఒక గుట్టకు బారెడు దూరంలో ఆగింది.

ఇద్దరికీ ఏమీ కాలేదు. మామ తాళం తిప్పి ఇంజను ఆపాడు.

"భయపడినావా అమ్మాయ్?"

"లేదు మామా" అన్నాను. అబద్ధమని ఆయనకూ తెలుసు.

ఆయన దిగి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, ఆ రాళ్ళ మీదే ఇంటి దాకా నడిచిపోయాడు. మధ్యాహ్నం అన్నం సగం కలిపి వదిలేశాడు. మా ఆయన కారు మీద పట్టా కప్పేశాడు. "దీన్ని విప్పి అమ్మేస్తా" అన్నాడు నాతో. "నేను నాయన్ను ఎక్కించకుండా ఉండాల."

ఆ వారమంతా ఇంట్లో కారు మాటే లేదు. మామ చెట్లకు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. నిమ్మచెట్టు పాదులో నీళ్ళు నిలిచి బురదైపోయింది.

తర్వాత ఒకరోజు పొద్దున్నే పాలు తీసుకుని వస్తుంటే కార్ఖానా లోపల ఏదో టక్కుటక్కున వినిపించింది. గేటు తీసి ఉంది. లోపల పట్టా పక్కకు లాగేసి, మామ కారులో కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆగి ఉంది. కళ్ళు మూసుకున్నాడు. ఒక చేతిని వెనక చట్రం మీద ఆనించి, ఇంకో చేత్తో లివర్‌ను లాగుతూ, తోస్తూ, బయట నేలకు ఆనించిన కాలితో కారును అటూ ఇటూ కదుపుతూ వింటున్నాడు.

"ఎవరూ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నేనే మామా."

"ఇట్ల రా. చెయ్యి ఈడ పెట్టు. తెలుస్తాందా?"

పాల గిన్నె కింద పెట్టి, చట్రం మీద చేయి పెట్టాను. ఆయన లివర్ మెల్లగా లాగితే ఏదో దేనికో తగిలి, తడబడి, జారిపోయినట్టు అనిపించింది. చురుగ్గా లాగితే టక్కున ఒక్కటే దెబ్బ.

"మా పాత బస్సు గేరు పెద్దమనిషి మాదిరి" అన్నాడు. "వాకిట్లో నిలబడి, పిలిచినాక లోపలికొస్తాది. ఇది అట్ల కాదు. సందు దొరికితే చాలు, దూరుతాది. నేనేమో సందులో నిలబడి దీనికి మర్యాదలు చేస్తాండా. అందుకే గరగర."

"అయితే మీ అబ్బాయి చేసేదే సరైందా?"

"వాడు చెయ్యి తొందరగా వేస్తాడు, అది సరైందే. కాలు కూడా అంతే తొందరగా వేస్తాడు. కాలికేం తొందర?"

నాకు ఆ రోజు అది సగమే అర్థమైంది. కానీ అంతకంటే ముఖ్యమైన విషయం అర్థమైంది. ఈయన రోజూ పొద్దున్నే ఇక్కడికి వస్తున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఇంజను కూడా వేయకుండా, తనను ఓడించిన గేరుతో మాట్లాడుకుంటున్నాడు. నేను ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పగానే మా ఆయన కాఫీ కూడా తాగకుండా కార్ఖానాకు పరుగెత్తాడు.

తండ్రీ కొడుకులు కలిసి ఆ కారు కింద పడుకున్న రోజులు నాకు ఇప్పటికీ ఇష్టం. ఇద్దరి కాళ్ళే బయటికి కనిపించేవి. అంతకు ముందు వాళ్ళిద్దరూ అంతసేపు ఒకచోట ఉండి మాట్లాడుకోవడం నేను చూడలేదు. మా ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయన ఎప్పుడూ బస్సులోనే. మామ రిటైరై ఇంటికొచ్చాక ఈయన ఎప్పుడూ దుకాణంలోనే.

తప్పంతా చేతులదే కాదని అప్పుడు తేలింది. బైకు వెనక చక్రంలో రబ్బరు ముక్కలుంటాయి. గేరు మారినప్పుడు చెయిన్ ఒక్కసారిగా గుంజితే ఆ గుంజును అవి మింగుతాయి. మా కారులో వెనక ఇరుసుకు పళ్ళచక్రాన్ని నేరుగా బిగించేశారు. మింగేవాళ్ళు లేక ప్రతి కుదుపూ మా మెడలకే వచ్చేది.

"రోజూ నేను అమ్మే రబ్బర్లే గదా నాయనా ఇవి! నా కారుకు పెట్టాలని తట్టలే" అని మా ఆయన తలకొట్టుకున్నాడు.

"తొందర గదా నీకు" అన్నాడు మామ కారు కింద నుంచే.

దుకాణం నుంచి రబ్బర్లు తెచ్చి, వాటిని పెట్టేందుకు ఇరుసు మీద ఒక డబ్బా లాంటిది తయారు చేయించి బిగించారు. గేరు లివర్ కొంచెం పొడవు పెంచారు, లాగినప్పుడు సగంలో ఆగిపోకుండా. చెయిన్ బిగువు సరిచేశారు. బాట చివరి రాళ్ళను పక్కకు లాగి, ఇక నెట్టే పని లేకుండా కారు చుట్టి వచ్చేలా దారి చేశారు. ఆ పని జరుగుతున్నన్నాళ్ళూ అత్త రోజుకు ఎన్నిసార్లు టీ తెచ్చేదో. కిందికి వంగి, "ఏ కాళ్ళు ఎవరివి?" అని అడిగి, గ్లాసులు లోపలికి తోసేది.

అంతా అయ్యాక నడిపేది ఎవరని ప్రశ్న వచ్చింది. మామ నా వైపు చూశాడు.

"నేనా? నాకు స్కూటీ తప్ప ఏమీ రాదు" అన్నాను. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. స్కూటీకి గేర్లే ఉండవు.

"అందుకే నువ్వు. మా ఇద్దరికీ పాత అలవాట్లు ఉండాయి. నీకు అవి ల్యావు" అన్నాడు.

నేను నేర్చుకున్న విధానం గొప్పగా ఏమీ లేదు. మొదట ఇంజను ఆగిపోయింది. ఆగిపోయింది. మళ్ళీ ఆగిపోయింది. బైకు క్లచ్ చాలా సున్నితం. ఎక్కడ పట్టుకుంటుందో అక్కడ పాదాన్ని కాస్త ఆపి, కారు కదిలాక పూర్తిగా వదలాలి. "బొటనవేలితో ఇను" అనేవాడు మామ. బొటనవేలితో వినడం ఏమిటని మనసులో విసుక్కునేదాన్ని. స్కూలు నుంచి వచ్చాక, ఎండ తగ్గాక, రోజూ ఆ గుట్టల మధ్య తిరిగేవాళ్ళం. మామ పక్కన కూర్చునేవాడు. మా ఆయన దుకాణం నుంచి వస్తూ, ఇంకా గేటు దాటకముందే "పడిందా?" అని అరిచేవాడు.

ఒక సాయంత్రం పడింది.

సెకండులో పోతున్నాం. "లివర్ మీద చెయ్యి పెట్టు" అన్నాడు మామ. "లాగొద్దు. వెనక్కి ఊరికే ఆనించు. తలుపు మీద చెయ్యి పెట్టినట్టు. ఊ. ఇప్పుడు ఎక్సలేటర్ మీద కాలు రవ్వంత సడలించు."

కాలు సడలించాను. లివర్ దానంతట అది వెనక్కి వచ్చేసింది. ఇంజను గొంతు మారింది. అంతే. మెడ కదల్లేదు, గరగర లేదు. క్లచ్ తొక్కనే లేదని కాసేపయ్యాక గాని నాకు తెలియలేదు.

"పడిందా మామా?"

"ఏం, తెలియలేదా?"

"తెలియలేదు!"

"అయితే పడింది" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. నలభై దాటిన దాన్ని, పిల్లలకు రాపిడి గురించి పాఠం చెప్పే దాన్ని, ఆ గుట్టల మధ్య గట్టిగా అరిచాను. ఫోర్తు వేశాను. అదీ అలాగే వచ్చింది. ఎదురుగాలికి జడ ఊడిపోయింది. మలుపు వస్తోంది, తగ్గించమ్మా అని మామ అంటున్నాడు గాని ఆయన గొంతులో కూడా నవ్వే ఉంది.

కింది గేరుకు రావడం ఇంకా కష్టం. అక్కడ క్లచ్ తొక్కక తప్పదు. తొక్కి, ఎక్సలేటర్‌ను ఒక్క చిటికె తట్టి, ఇంజను వేగం పెరిగిన ఆ క్షణంలో లివర్ తోయాలి. తట్టడం తక్కువైతే కారు ముక్కు నేలకు వంగుతుంది, ఎక్కువైతే ముందుకు దూకుతుంది. ఇక్కడ మామ పాత విద్య పనికొచ్చింది. ఘాట్ దిగేటప్పుడు బస్సుకు ఆయన చేసింది ఇదేనట. ఇంజనును, చక్రాలను ఒకే మాట మీదికి తేవడం. ఈసారి ఆయన నడిపి చూపించాడు. మొదట రెండుసార్లు తప్పాడు, ఏమీ అనుకోలేదు. మూడోసారి సరిగ్గా పడింది. పడ్డాక ఏమీ ఎరగనట్టు గుట్టల వైపు చూస్తూ నడిపాడు.

అత్తను ఎక్కించడం వేరే కథ. ఆమెకు మెడనొప్పి ఉంది. మా ఆయన నడిపితే ఎక్కనని ముందే చెప్పేసింది. ఒకరోజు సాయంత్రం టీ గ్లాసు చేతిలో పట్టుకునే వచ్చి నా పక్కన కూర్చుంది.

"తాగి ఎక్కు అత్తా" అన్నాను.

"ఎక్కే తాగుతా. ఒలికితే మీ ముగ్గురూ కలిసి చీర ఉతకాల."

ఫస్టు, సెకండు బాగానే పడ్డాయి. థర్డు దగ్గర కంగారులో కాలు ఎక్కువ సడలించాను. టీ ఆమె ఒడిలో పడింది. ఆమె గ్లాసులో మిగిలిన గుక్క తాగేసి, "ఇంకో గ్లాసు తెస్తా, ఉండు" అని దిగింది. రెండో గ్లాసు పూర్తిగా తాగింది. ఫోర్తులో ఉండగా ఊదుకుంటూ తాగింది. దిగాక మా ఆయన్ను పిలిచి, "ఒరే, దీని చేతికి తాళాలు ఇచ్చెయ్. నువ్వు కట్టు, ఇది నడపనీ" అని తీర్పిచ్చింది. ఆయన ఎప్పుడు నడిపినా మేం మెడ పట్టుకుని కూర్చునే మాట నిజం. కట్టినవాడికి ఇప్పటికీ మెత్తగా గేరు వేయడం రాలేదు. ఆయనకు ఆ బాధ లేదు. "నాకు కట్టడమే ఇష్టం" అంటాడు.

చలికాలం మొదట్లో ఒక సెలవు రోజు పొద్దున నేనూ మామా బయల్దేరాం. మంచు ఇంకా గుట్టల మీద ఉంది. మామ శాలువా కప్పుకున్నాడు. గేర్లు మారుస్తూ, తగ్గిస్తూ బాట చుట్టూ తిరుగుతున్నాను. కాసేపటికి ఆయన ఏమీ చెప్పడం లేదని గమనించాను. పక్కకు చూస్తే తల వాలిపోయి ఉంది.

షుగరు మనిషి. కారు ఆపబోతుండగా గురక వినిపించింది.

ఆపలేదు. ఆపితే లేస్తాడని, ఆ బాటనే మళ్ళీ మళ్ళీ చుట్టాను. గోడ దగ్గరికి వచ్చిన మా ఆయన ఏమిటని సైగ చేస్తే వేలు పెదాల మీద పెట్టుకున్నాను. ఇంజను అంత చప్పుడు చేస్తుంటే తనను మాట్లాడవద్దంటుందేమిటని ఆయన అయోమయంగా చూశాడు. మలుపుల దగ్గర గేరు తగ్గించేటప్పుడు నేను ఊపిరి బిగబట్టేదాన్ని. మామ కదల్లేదు. ఎండెక్కాక తనే లేచి, శాలువా సర్దుకుని, "కండ్లు మూసుకున్యా, అంతే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర, ఎవరూ అడగకుండానే, మామ మాట్లాడాడు. ఆయన అన్నం తినేటప్పుడు మాట్లాడే మనిషి కాదు.

"ఘాట్ ఎక్కేటప్పుడు పైన అద్దంలో చూస్తాంటి. బస్సంతా తలకాయలు వాలిపోయి ఉండేటివి. పిల్లోళ్ళు, ముసలోళ్ళు, సంతకు పోయి వచ్చేటోళ్ళు, అడివిలో తేనె దించి అమ్ముకోను పోయేటోళ్ళు, అందరూ నిద్రే. అట్ల చూసినప్పుడు నాకు మా సెడ్డ సంతోషంగా ఉండేది. ఎవురికీ చెప్పలే. చెప్పేకి ఏముండాది దాంట్లో?"

అత్త కూర గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మరి బస్సెందుకు ఎక్కవు నువ్వు?" అంది.

మామ మజ్జిగ కలుపుకున్నాడు. "కూచుంటే నా కాలు ఊరుకోదు. ల్యాని క్లచ్ తొక్కుతాంటాది. ఆ డ్రైవరు గేరు వేసేలోగా నేను ఈడ తొక్కేస్తా. ఒకసారి పక్కన కూచున్నాయన చూసి, ఏం తాతా, కాలికి తిమ్మిరా అన్యాడు. సిగ్గేసింది."

"ఇది చెప్పను నోరు రాలేదా ఇన్నేండ్లు? చెట్లకు నీళ్ళు పోయాల, చెట్లకు నీళ్ళు పోయాల అని! ఆ చెట్టు కుళ్ళిపోయేదాకా పోసినావు గదా!" అని అత్త అరిచింది. అరుస్తూనే ఆయన కంచంలో రెండు గరిటెల కూర ఎక్కువ వేసింది. మా ఆయన తలొంచుకుని తింటున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడని నాకు తెలుసు, కారం ఎక్కువైందని తర్వాత అన్నాడు.

ఆ మాట బయటపడ్డాక ఆయన కొంచెం తేలికయ్యాడు. అంతలోనే బస్సెక్కాడని కాదు. నెలలు పట్టింది. ఈలోగా మా కారులో పక్క సీట్లో కూర్చోవడం అలవాటైంది. కాలు మాత్రం ఆడుతూనే ఉండేది. నేను గేరు మార్చే ముందే ఆయన ఎడమ పాదం లేచేది. ఒకసారి నేను దాన్ని చూసి అదే సమయానికి మార్చాను, ఇద్దరి లెక్కా సరిపోయింది.

మొన్న వేసవిలో అత్త చెల్లెలికి కాలు బెణికిందని గిద్దలూరు నుంచి ఫోనొచ్చింది. అత్త చీరలు సర్దుకుంటుంటే, "నా చొక్కాలు కూడా రెండు పెట్టు" అన్నాడు మామ. అత్త మారుమాట్లాడకుండా పెట్టింది. మాట్లాడితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని ఆమె భయం.

బస్టాండుకు మేమిద్దరం వెళ్ళి ఎక్కించాం. మామ డ్రైవరు కనిపించే ముందు సీట్లు వదిలేసి మధ్యలో కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలేటప్పుడు ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. చేయి ఊపమంటే తల ఊపాడు. బస్సు మలుపు తిరిగే దాకా మా ఆయన అక్కడే నిలబడ్డాడు. దుకాణం తెరవాల్సిన సమయం దాటిపోయిందని గుర్తుచేయాల్సి వచ్చింది.

సాయంత్రం నేనే ఫోన్ చేశాను. అత్త ఎత్తింది.

"ఎట్ల పోయినారు అత్తా? మామ కాలు?"

"కంభం దాటేదాకా ఆడిచ్చినాడు" అంది గొంతు తగ్గించి. "ఆ తర్వాత నా కాలు తీసి ఆయన కాలు మీద పెట్టినా. ఎవురికీ కనపడలే, చీర కుచ్చిళ్ళు ఉండాయి గదా. ఇంగ ఊరుకున్యాడు. ఉండు, మాట్లాడతాడంట."

మామ ఫోన్ తీసుకున్నాడు. వెనకాల ఏదో పెద్ద బండి మూలుగుతూ పోతున్న చప్పుడు వినిపించింది.

"ఏమ్మా, వీళ్ళిల్లు సరిగ్గా ఎత్తు ఎక్కేకాడ ఉండాది. లారీలన్నీ ఈడికొచ్చే గేరు తగ్గిస్తాయి. అరుగు మీద కూచొని ఇంటాండా. కొందరు బాగా వేస్తాండారు, కొందరు అధ్వానం." కాసేపు ఆగాడు. ఆ లారీ గేరు మార్చే దాకా ఆగాడని నాకు తర్వాత తట్టింది. "ఇంకో రెండు దినాలు ఉండి వస్తాం లే. వానికి చెప్పు."